పాత రివాల్వరు చెప్పు సాక్ష్యము

పాత నాణెము ఒకటి చేతికి చిక్కినప్పుడు దానిని చింతపండుతో తోమి తళతళ మెరయునట్లు చేయవలెనని మనకు సహజముగా తోచును. నాణెములు సేకరించువారు ఆ పని చూచినచో తల కొట్టుకొందురు. ఏలయన, పైనున్న కిలుముతో పాటు ఆ నాణెము చరిత్రలో కొంత భాగమును కూడ కడిగి పారబోసినట్లే. పాత ఆయుధముల విషయమున ఈ మాట మరింత సత్యము. నూట యేబది సంవత్సరముల క్రిందటి రివాల్వరు ఒకటి మన ముందున్నదనుకొందము. అది ఎక్కడ తయారైనది, ఎవరి చేతిలో నుండినది, దాని భాగములన్నియు మొదటివేనా అను ప్రశ్నలకు అది తానే చాలవరకు సమాధానము చెప్పగలదు. అయితే దానిని అడుగు పద్ధతి మనకు తెలియవలెను. అడుగుటకు ముందే దాని నోరు నొక్కివేయకుండ ఉండవలెను.

అమెరికాలోను, ఐరోపాలోను పాత రివాల్వర్లను సేకరించుట పెద్ద వ్యాపకమైనది. అపురూపమైనవి కొన్ని లక్షల డాలర్లకు అమ్ముడుపోవుచున్నవి. ధనమున్న చోట మోసమును ఉండును. కావున అసలేదో నకిలీయేదో తేల్చుటకు లోహశాస్త్రము, రసాయనశాస్త్రము, దస్తావేజుల పరిశీలన మూడును కలిసి పనిచేయవలసి వచ్చినది. ఈ విద్య ఎట్టిదో తెలిసికొనుటకు, సేకర్తలు మిక్కిలి అరుదైనదిగా ఎంచు ఒక రివాల్వరు కథతో ప్రారంభింతము.

కలకత్తా ఓడ నుండి టెక్సాసు మైదానములకు

సామ్యూల్ కోల్ట్ 1814లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున జన్మించెను. 1830లో, ఇంకను చిన్నతనముననే, బోస్టను నుండి కలకత్తాకు బయలుదేరిన ‘కోర్వో’ అను ఓడలో నావికుడుగా చేరెను. ఆ ప్రయాణమున ఓడలోనే ఆయన తన తుపాకికి కొయ్యతో నమూనా చెక్కెనని చెప్పుదురు. తిరుగుడు తుపాకి అను ఆలోచన ఆయనతోనే పుట్టినది కాదు. ఎలీషా కోలియర్ అను అమెరికనుడు అంతకు పండ్రెండేండ్లకు ముందే, 1818లో, ఇంగ్లండున చెకుముకిరాతితో పేలు తిరుగుడు తుపాకికి పేటెంటు పొందియుండెను. కోల్ట్ కనిపెట్టిన సులువు వేరు. తుపాకి సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగినంతనే, తూటాల గదులు గల దిమ్మ, అనగా సిలిండరు, తనంతట తాను ఒక గది మేర తిరిగి గొట్టమునకు సూటిగా నిలిచి బిగిసికొనును. ఈ ఏర్పాటుకు ఆయన 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంటు పొందెను. న్యూజెర్సీలోని పాటర్సను పట్టణమున పెట్టిన కర్మాగారము మాత్రము గిరాకీ లేక 1842లో మూతపడెను.

ఆ మూతపడిన కర్మాగారపు తుపాకులే కోల్ట్‌ను మరల నిలబెట్టినవి. 1844 జూనులో టెక్సాసు రేంజర్లు అను గుర్రపు దళమువారు కొలదిమంది, తమకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా నున్న కొమాంచీ యోధులను ఈ తిరుగుడు తుపాకులతో ఎదుర్కొని గెలిచిరి. కొమాంచీలు తమ సొంత నేలపై వలసవచ్చినవారితో పోరాడుచుండినవారని, ఈ క్రొత్త ఆయుధము వారి పాలిట శాపమైనదని ఇచ్చట మరువరాదు. ఆ పోరాటములో పాల్గొనిన సామ్యూల్ వాకర్ 1846 నవంబరు 30న కోల్ట్‌కు ఒక జాబు వ్రాసెను. అప్పుడు మెక్సికోతో యుద్ధము జరుగుచుండెను. ఐదు గుండ్లకు బదులు ఆరు గుండ్లు పట్టునదియు, మరింత పెద్దదియు, దృఢమైనదియు అగు రివాల్వరు కావలెనని ఇరువురును కలిసి రూపము నిర్ణయించిరి. 1847 జనవరిలో ప్రభుత్వము వేయింటికి ఉత్తరువు ఇచ్చెను.

కోల్ట్‌కు అప్పుడు కర్మాగారము లేదు. ప్రత్తినుండి గింజలు వేరుచేయు యంత్రమును కనిపెట్టిన ఎలీ విట్నీ కుమారుని కర్మాగారమున ఆ వేయింటిని చేయించెను. తన కొరకు మరి నూరు చేయించుకొనెను. ఇదియే ‘వాకర్ కోల్ట్’. దీని బరువు 4 పౌనుల 9 ఔన్సులు, అనగా రెండు కిలోగ్రాములకు పైమాట. గొట్టము 9 అంగుళములు. ఒక్కొక్క గదిలో 60 గ్రెయినుల తుపాకిమందు పట్టును. ఆ మందు బలమునకు ఆనాటి లోహము తాళలేకపోయెను. పలు రివాల్వర్లలో సిలిండర్లు పగిలిపోయినవి. మూడు వందల వరకు మరమ్మతుకు తిరిగివచ్చినవని చెప్పుదురు. అందుచేతనే 1848లో వచ్చిన తరువాతి నమూనాలో సిలిండరును కురుచచేసి, మందును 50 గ్రెయినులకు తగ్గించిరి. పేరునకు కారకుడైన వాకర్ 1847 అక్టోబరు 9న మెక్సికోలోని హువామాంత్లా పోరున మరణించెను.

మొత్తము 1,100 తయారైనవి. యుద్ధములో కొన్ని పోయినవి, కొన్ని పగిలినవి, కొన్ని తుప్పుపట్టి నేలలో కలిసినవి. నేడు మిగిలినవి బహుస్వల్పము. కావుననే ‘ఇది వాకర్ కోల్ట్’ అని ఎవరైన ముందుకు వచ్చినప్పుడు పరీక్షకులు మొదట నమ్మరు. పరీక్షించి, పిమ్మట నమ్ముదురు.

అంకెల భాష

మొదటి పరీక్ష అంకెలది. సైన్యమునకు పోయిన వేయింటిని ఐదు దళములకు పంచి, ఆ దళముల అక్షరములను వాటిపై ముద్రించిరి. ఏ, బీ, సీ, డీ దళములకు ఒకటి మొదలు 220 వరకు, ఈ దళమునకు ఒకటి మొదలు 120 వరకు సంఖ్యలు. నాలుగు రెండువందల ఇరువదులు 880, మరి 120 కలిపినచో సరిగా వేయి అగును. ‘ఈ దళము, 190’ అని ముద్రగల రివాల్వరును ఎవరైన తెచ్చినచో, దానిని విప్పి చూడకయే నకిలీ అని చెప్పవచ్చును. కోల్ట్ తనకై చేయించుకొన్న నూటికి 1001 మొదలు 1100 వరకు సంఖ్యలు కలవు.

ఆ సంఖ్య ఒక్కచోట మాత్రమే ఉండదు. గొట్టము, చట్రము, సిలిండరు మొదలగు ముఖ్యభాగములన్నిటిపైనను వేయబడియుండును. అన్నియు సరిపోయినచో భాగములు పుట్టుకనుండి కలిసియున్నవని అర్థము. సరిపోనిచో తప్పక మోసమని తలపరాదు. సిలిండర్లు పగిలిన సంగతి మనకు తెలిసినదే గదా! ఆ కాలముననే మరమ్మతు చేసి వేరొక సిలిండరు బిగించియుండవచ్చును. అట్టి రివాల్వరునకు వెల తగ్గునేమో కాని, చరిత్రకారునకు అది మరింత విలువైన సాక్ష్యము. ఆ లోహపు బలహీనత ఎట్టిదో అది చూపించుచున్నది.

సిలిండరుపై మరియొక గుర్తు కలదు. వాటర్మన్ ఆర్మ్స్‌బీ అను చెక్కడపుపనివాడు చేసిన అచ్చుతో, రేంజర్లకును కొమాంచీలకును జరిగిన పోరాటచిత్రమును సిలిండరు చుట్టును ఒత్తిరి. ఆ గీతలు మిక్కిలి పలుచనివి. చేతి రాపిడికిని, తోలుసంచి రాపిడికిని మొదట అరిగిపోవునవి అవే. అందుచేత చిత్రము ఎంత మిగిలినదో చూచి ఆ రివాల్వరు ఎంత వాడబడినదో అంచనా వేయుదురు. చిత్రము నిండుగా కనబడుచు, తక్కిన ఇనుమంతయు గుంటలు పడియున్నచో అనుమానించవలసినదే. ఎవరో ఆ చిత్రమును ఇటీవల తిరిగి చెక్కియుందురు.

నీలిపూత రహస్యము

పాత రివాల్వర్ల గొట్టములపై కనబడు నల్లని నీలివర్ణము రంగు కాదు. అది ఇనుము తనపై తాను తొడుగుకొన్న కవచము. మెరుగుపెట్టిన ఇనుమును బొగ్గుల కొలిమిలో తగిన వేడికి తెచ్చినచో దాని ఉపరితలము ప్రాణవాయువుతో కలిసి పలుచని నల్లని ఆక్సైడు పొరగా మారును. ఈ ఆక్సైడు అయస్కాంతమునకు అంటుకొనునది. లోహమును గట్టిగా పట్టుకొని, ఎఱ్ఱని తుప్పును కొంతవరకు అడ్డగించును. ఎఱ్ఱని తుప్పు అట్లు కాదు. అది నీటితో కూడిన ఆక్సైడు. పొరలు పొరలుగా ఊడుచు, క్రిందనున్న ఇనుమును మరల గాలికి అప్పగించును.

చట్రముపై కనబడు నీలము, గోధుమ, గడ్డిరంగుల మేఘములవంటి ఛాయలు వేరొక పద్ధతివలన వచ్చినవి. ఇనుపభాగములను ఎముకల బొగ్గుతో కలిపి పెట్టెలో కూరి, ఎఱ్ఱగా కాల్చి, నీటిలో ముంచుదురు. బొగ్గులోని కర్బనము ఇనుము పైపొరలోనికి చొరబడి దానిని గట్టిపరచును. నీటిలో ముంచినప్పుడు ఏర్పడు పలుచని పొరలే ఆ రంగులకు కారణము. నీటిపై తేలు చమురుపొర ఇంద్రధనుస్సు రంగులు చూపుట పాఠకులు ఎరిగినదే. ఇదియు ఆ కోవలోనిదే.

ఈ పూతలు ఎక్కడెక్కడ అరుగునో పరీక్షకునకు తెలియును. సంచిలోనుండి తీయుచు పెట్టుచు ఉండుటచే గొట్టపు కొన అరుగును. అరచేయి తగులుటచే పిడి వెనుకభాగము అరుగును. న్యాయమైన అరుగుదలకు ఒక స్థానము, ఒక కారణము ఉండును. కారణము లేని చోట అరిగినదియు, అరుగవలసిన చోట అరుగనిదియు రెండును అనుమానాస్పదములే.

పాతదానికి క్రొత్తగా పూత పూసినవారు కొన్ని గుర్తులను తప్పించుకొనలేరు. పూతకు ముందు లోహమును సానపట్టక తప్పదు. సానపట్టినచో పదునైన అంచులు గుండ్రనగును, ముద్రాక్షరముల ఒడ్డులు కరగినట్లగును, మరమేకుల రంధ్రముల చుట్టును చిన్న పళ్ళెమువలె పల్లము పడును. అన్నిటికంటె నమ్మదగిన గుర్తు మరియొకటి కలదు. భూతద్దముతో తుప్పు తిన్న గుంటలలోనికి చూడవలెను. గుంట అడుగున కూడ నీలిపూత ఉన్నచో, గుంట ముందు పడినదనియు పూత తరువాత వచ్చినదనియు తేలిపోవును. ఎంతటి పనివాడైనను కాలక్రమమును తలక్రిందులు చేయలేడు గదా!

అమెరికా సేకర్తలు ఇట్టి పరీక్షల ఫలితములను కొన్ని తరగతులుగా విభజించిరి. పాత ఆయుధములలో భాగములన్నియు అసలువై, మొదటి పూత నూటికి 80 పాళ్ళకు పైగా మిగిలినచో శ్రేష్ఠము. 30 పాళ్ళకు పైగా మిగిలినచో మేలు. అంతకు తక్కువైనను భాగములన్నియు అసలువైనచో బహుబాగు. చిన్న భాగములు మారినవియు, మరల పూత పూసినవియు దానికి దిగువ తరగతికి పోవును. పూత పూర్తిగా పోయిన అసలు వస్తువు, క్రొత్తపూతతో మెరయు దానికంటె ఎక్కువ తరగతిలో ఉండుటను పాఠకులు గమనింపవలెను.

చెరిపిన అంకె చెరగదు

దొంగిలించిన ఆయుధమునందలి సంఖ్యను ఆకురాయితో అరగదీయుట నేరస్థులకు అలవాటు. అయినను ఆ సంఖ్యను తిరిగి చూడవచ్చును. ఉక్కు ముద్రతో అంకెను కొట్టినప్పుడు పైన గుంట పడుటయే కాక, దాని క్రింది లోహపు స్ఫటికములు కూడ నలిగి వికృతమగును. పైగుంటను అరగదీసినను అడుగున నలిగిన లోహము మిగిలియుండును. అక్కడ మెరుగుపెట్టి, రాగి క్లోరైడు కలిపిన హైడ్రోక్లోరికామ్లముతో తుడిచినచో, నలిగిన చోటును తక్కిన చోటును ఆమ్లము సమానముగా తినదు. క్రమముగా అంకె నీడవలె పైకి తేలును. నేరపరిశోధనశాలలకు ఇది నిత్యకృత్యము. అయితే ఈ పరీక్ష లోహమును కొంత తినివేయును. కావున ప్రదర్శనశాలలు దీనికి సులభముగా ఒప్పుకొనవు.

ఏ హానియు చేయని పద్ధతులును కలవు. ఎక్సురేలు లోహమును తాకినప్పుడు దానిలోని ఒక్కొక్క మూలకము తన ప్రత్యేకమైన కిరణమును వెలువరించును. ఆ కిరణములను కొలిచినచో ఏ మూలకములు ఎంత ఉన్నవో తెలియును. ఉక్కును టన్నులకొలది చేయు బెస్సిమరు పద్ధతి 1856లో వచ్చినది. క్రోమియము, మాలిబ్డినము మొదలగువానిని ఉక్కులో బుద్ధిపూర్వకముగా కలుపుట అంతకు ఎంతయో తరువాతి పని. 1847 నాటిదని చెప్పు గొట్టములో అవి కనబడినచో వేరు సాక్ష్యముతో పనిలేదు. 1950ల చివరినుండి ఇటలీలో పాత నమూనాలకు ప్రతిరూపములను తయారుచేయుచున్నారు. అవి బహిరంగముగా ప్రతిరూపములనియే అమ్ముడుపోవును. వానిపై ముద్రలు చెరిపి, ఆమ్లములతో ముసలితనము తెప్పించి, అసలువని అమ్మజూచునప్పుడు ఈ పరీక్ష అక్కరకు వచ్చును.

పుట్టుపూర్వోత్తరములు

లోహము ఎంత చెప్పినను ‘ఎవరిది?’ అను ప్రశ్నకు ఒంటరిగా సమాధానము చెప్పలేదు. దానికి కాగితములు కావలెను. వస్తువు ఎవరినుండి ఎవరికి చేరినదో తెలుపు వరుసలో ఒక్క లంకె తెగినను కథ వట్టి వదంతిగా మారును.

పాట్ గారెట్ అను అమెరికా అధికారి 1881 జూలై 14న ‘బిల్లీ ది కిడ్’ అను పేరుమోసిన బందిపోటును కాల్చి చంపెను. అందుకు వాడిన కోల్ట్ రివాల్వరు 2021 ఆగస్టులో వేలమున 60 లక్షల డాలర్లకు పైగా పలికెను. ఆ నమూనావి రెండవ ప్రపంచయుద్ధమునకు ముందే మూడున్నర లక్షలకు పైగా తయారైనవి. ఇది మాత్రము అంత పలుకుటకు కారణము దాని వెనుకనున్న పత్రములు. గారెట్ మరణానంతరము అది ఇతరుల చేత చిక్కగా, ఆయన భార్య న్యాయస్థానమున పోరాడి దానిని తిరిగి పొందెను. ఒక వితంతువు తన హక్కుకై నడిపిన వ్యాజ్యపు కాగితములు, తరువాతి తరములవారికి సాక్ష్యముగా నిలిచినవి.

1873 జూలై 10న బ్రస్సెల్సు నగరమున పాల్ వెర్లేన్ అను ఫ్రెంచి కవి, తన స్నేహితుడైన కవి రేంబో పై రెండు మారులు కాల్చెను. రేంబో మణికట్టునకు గాయమైనది, వెర్లేన్ చెరసాల పాలయ్యెను. ఆ ఉదయమే కొన్న ఆ చిన్న లెఫోషో రివాల్వరు 2016లో పారిసు వేలమున 4,34,500 యూరోలకు అమ్ముడుపోయెను. దానిని గుర్తించుటకు తోడ్పడినది తుపాకుల అంగడివాని చిట్టాపుస్తకము. ఆ పుస్తకములోని సంఖ్య, ఆయుధముపై సంఖ్య ఒక్కటే.

చిట్టాలు దగ్ధమైనచో ఏమగును? 1864 ఫిబ్రవరిలో కోల్ట్ కర్మాగారమున అగ్నిప్రమాదము సంభవించి తొలినాటి లెక్కలు చాలవరకు నశించినవి. అందుచేతనే ఆ నాటి రివాల్వర్ల విషయమున ఒక పాత జాబు, ఒక పాత రశీదు దొరికినను సేకర్తలు కండ్లకు అద్దుకొందురు. వాకర్ కోల్ట్‌లలో పెట్టెతో సహా మిగిలినది ఒక్కటే తెలియవచ్చినది. అది ఒక డెన్మార్కు నౌకాధిపతి కుటుంబము ద్వారా వచ్చినది. 2018లో 18 లక్షల 40 వేల డాలర్లు పలికెను.

తుప్పే సాక్షి

ఇంతవరకు తుప్పును శత్రువుగా చూచితిమి. అది సాక్షిగా నిలిచిన సందర్భము ఒకటి కలదు. చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో 1890 జూలై 27న ఫ్రాన్సులోని ఓవేర్ గ్రామపు పొలములలో తన్ను తాను కాల్చుకొని, రెండు దినములకు మరణించెను. ఆ ఆయుధము అప్పుడు దొరకలేదు. 1960ల దశకమున ఒక రైతునకు ఆ పొలములలోనే తుప్పుపట్టి శిథిలమైన 7 మిల్లీమీటర్ల లెఫోషో రివాల్వరు దొరికెను.

ఇది వాన్‌గోదేనా? దానిపై పేరు లేదు, పత్రము లేదు. దొరికిన చోటు సరిపోయినది. వైద్యుడు వర్ణించిన గుండు పరిమాణమును సరిపోయినది. అంత బలములేని ఆయుధము గనుకనే గుండు వెంటనే ప్రాణము తీయలేదనుటయు పొసగినది. అన్నిటికి మించి, తుప్పు ఎంత లోతుగా తినినదో పరిశీలించి, అది 50 మొదలు 80 ఏండ్ల వరకు భూమిలో ఉండియుండునని లెక్కకట్టిరి. ఆ లెక్క 1890తో పొందుపడినది. ఇది నిస్సంశయమైన నిర్ణయము కాదు, సంభావ్యత మాత్రమే. అయినను 2019లో అది 1,62,500 యూరోలకు అమ్ముడుపోయెను. ఆ రైతు దానిని ఇంటికి తెచ్చి ఉప్పుకాగితముతో రుద్దియున్నచో ఏమి మిగిలియుండెడిది? ఒక పాత ఇనుపముక్క మిగిలియుండెడిది. సాక్షి మాత్రము చచ్చిపోయియుండెడిది.

మన దేశపు ఉదాహరణ

రివాల్వరు కాకున్నను, ఈ విద్యకు మన దేశముననే గొప్ప ఉదాహరణ కలదు. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సు వధకు భగత్‌సింగ్ వాడిన పిస్తోలు ఏమైనదో చాలకాలము ప్రజలకు తెలియలేదు. వ్యాజ్యము ముగిసిన పిమ్మట అది ఫిల్లౌరులోని పోలీసు శిక్షణశాలకు చేరెను. అక్కడినుండి కాలక్రమమున ఇండోరులోని సరిహద్దు భద్రతాదళపు ఆయుధశాలకు పోయెను. అక్కడ తుప్పు పట్టకుండ నల్లరంగు పూయబడి, ఇతర పిస్తోళ్ళ నడుమ పేరులేక పడియుండెను. 2016లో పాత కాగితములలోని 1,68,896 అను సంఖ్య ఆధారముగా వెదకి, రంగు గీకి చూడగా, ఆ సంఖ్యయే బయటపడెను. తరువాత దానిని పంజాబులోని హుస్సేనీవాలాకు తరలించిరి.

ఇచ్చట గీకుట తప్పు కాలేదు. ఏలయన, ఆ రంగు తరువాత పూసినది, సంఖ్య దాని క్రిందనే ఉన్నది. ఓవేరు రివాల్వరు విషయమున అదే పని ఘోరమైన తప్పు అయ్యెడిది. ఏది మొదటిది, ఏది తరువాతిది అను వివేకమే ఈ విద్యకు ప్రాణము.

ఆంధ్ర, తెలంగాణములలోని పాత సంస్థానపు భవనములలోను, పెద్దల ఇండ్లలోను తాతలనాటి ఆయుధములు అటకలమీద ఉండుట అరుదు కాదు. అట్టివి కనబడినప్పుడు చేయవలసిన మొదటి పని చట్టము తెలిసికొనుట. 1959 ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక తుపాకి ఉంచుకొనుట నేరము. మరమ్మతు చేసినను పేలజాలని పురాతన ఆయుధములకు కొంత మినహాయింపు ఉన్నను, ఏది అట్టిదో మనకు మనము నిర్ణయించుకొనరాదు, అధికారులకు చూపవలెను. నూరేండ్లు దాటిన పురావస్తువుల విషయమున 1972 చట్టము ఒకటి కలదు. రెండవ పని, లోపల తూటా ఉన్నదేమో తెలియనిదే దానిని ముట్టక, తెలిసినవారిని పిలిపించుట. మూడవది, ఇటుకపొడి, చింతపండు, ఉప్పుకాగితము దూరముగా ఉంచుట. నాలుగవది అన్నిటికంటె సులభము, అన్నిటికంటె ముఖ్యము. ఆ ఇంటి ముసలివారు బ్రతికియుండగనే వారికి తెలిసిన కథను, చెప్పినవారి పేరుతో, తేదీతో, ఒక కాగితముపై వ్రాసి పెట్టుట.

ఇనుము తనకు తెలిసినది తాను చెప్పును. దానికి తెలియనిది ఆ కాగితము చెప్పవలెను.